గుర్తు మనిషి

ఇటు దగ్గరికి జరుగు పావనీ. ముందు ఆ ఫ్యాను కట్టేసి రా, ఈమధ్య నా గొంతు దాని చప్పుడు కంటే చిన్నదైపోయింది. ఫోను పక్కన పెట్టు. ఇది అందులో పట్టి ఉంచుకుని తర్వాత వినేది కాదు, చెవిన పడి తలలో నిలవాల్సింది. ఎందుకో చివర్లో నీకే తెలుస్తుంది. నాకు ఎనభై నాలుగు నిండాయి. నిన్న ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టానో అరగంట వెతికాను. అందుకే ఇవాళే చెప్పేస్తున్నాను.

మీ అమ్మ ఈ దేశాన్ని పదకొండు రోజులు ఏలింది. ఆ సంగతి నీ బడి పుస్తకంలో నాలుగు వరసలుంది. చేనేత శాఖ సహాయ మంత్రి హైమావతి గారు ఆపద సమయంలో బాధ్యతలు తీసుకుని అణుయుద్ధాన్ని ఆపారని రాశారు. అందులో అబద్ధమేమీ లేదు. నా ఊసు మాత్రం ఎక్కడా లేదు. మీ అమ్మ తలలో కూడా లేదు. అది ఎలా జరిగిందో నీకు తెలియాలి.

మనది వేటపాలెం. మీ తాత సుబ్బరాయుడు గుంటమగ్గం మీద చీరలు నేసేవాడు. నేను పడుగులకు, అంటే మగ్గం మీద పొడుగ్గా పరిచే పోగులకు, గంజి పెట్టేదాన్ని, అచ్చు అతికేదాన్ని. అచ్చు అతకడమంటే ఇప్పటి పిల్లలకి తెలియదు. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తుంటే దాన్ని కొసకంటా నెయ్యకూడదు. జానెడు మిగల్చాలి. వేళ్లకి బూడిద అద్దుకుని, ఆ జానెడు పోగుల కొసలకి కొత్త పోగుల్ని ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. రెండు వేల పైచిలుకు పోగులుంటాయి. పాతది దారి చూపిస్తే కొత్తది దాని వెనకే మగ్గంలోకి వస్తుంది. ఒకరి పని ఇంకొకరికి అప్పజెప్పడం అనేది నేను చూసింది అక్కడే. మూడో తరగతితో చదువు మానేసినదాన్ని, నాకు వేరే ఉపమానాలు రావు.

హైమ పదో ఏట మగ్గం గుంటలో కాళ్లు పెట్టింది. పెద్దదయ్యాక చేనేత సొసైటీకి ప్రెసిడెంటయింది, ఎన్నికల్లో గెలిచింది. ఢిల్లీలో చేనేత శాఖ ఎవరో ఒకరికి ఇవ్వాలి కాబట్టి దీనికిచ్చారు. అప్పట్లో వారసుల జాబితా అని ఉండేది. ప్రధానికి ఏదన్నా అయితే ఆ కుర్చీలో ఎవరు, ఆ మనిషికీ ఏదన్నా అయితే ఎవరు అని వరసగా పదమూడు పేర్లు. మన హైమది పదమూడో పేరు.

ఆ పదమూడు మందికి ఏమన్నా నేర్పేవాళ్లా అంటే, ఏమీ లేదు. ఏడాదికోసారి పిలిచి భోజనం పెట్టి ఫొటో తీసి పంపేవాళ్లు.

"బాంబుల సంగతి ఏందని అడిగానే అమ్మా," అంది హైమ ఒకసారి. "మీకెందుకు మేడమ్ ఆ తలనొప్పి, అప్పగింత యంత్రం ఉంది గదా అన్నారు. పూతరేకులు మటుకు బాగున్నయ్యి."

ఆ యంత్రం హైదరాబాదులో పరాంకుశం గారనే డాక్టరు కనిపెట్టింది. ప్రధాని ప్రతి నెలా మొదటి సోమవారం తలకి ఒక టోపీ పెట్టుకుని రెండు గంటలు కూర్చునేవాడు. ఆయనకి తెలిసినదంతా, ఆయన ఆలోచించే తీరుతో సహా, కండెకి నూలు చుట్టినట్టు యంత్రం చుట్టి పెట్టుకునేది. ఆయన పోతే అదంతా ఆ తర్వాతి మనిషి తలలోకి రెండు మూడు గంటల్లో ఎక్కిస్తారు. ఇంత సుళువైనప్పుడు ముందే కూర్చోబెట్టి నేర్పడం ఎందుకని అందరూ అనుకున్నారు.

కాకపోతే తలలో చోటు కావాలి. ముందు ఒక ఆఫీసరు మీద చూశారట. బాగా ఎక్కింది. సాయంత్రం ఆయన్ని ఇంటి దగ్గర దించితే, తలుపు తీసిన పెళ్లాన్ని చూసి, "ఇల్లు అద్దెకిస్తారని బోర్డు చూశానండీ, మీరేనా ఓనరు?" అన్నాడట. ఆమె నవ్విందట, హాస్యమనుకుని.

అప్పుడు ఒక చట్టం చేశారు. ఎక్కించేటప్పుడు, ఆ మనిషిని చిన్నప్పటి నుంచీ ఎరిగినవాళ్లు ఒకరు పక్కన కూర్చోవాలి. మధ్యమధ్య ప్రశ్నలు వేసి లోపల ఎంత మిగిలిందో చూడాలి. వాళ్లని గుర్తు మనిషి అంటారు. ఆ గుర్తు మనిషి "చాలు" అంటే ప్రధాని ఆఫీసు, సైన్యం, ఎవరూ కాదనడానికి లేదు, ఆపెయ్యాలి. హైమకి గుర్తు మనిషిని నేను.

ఏటా నన్నూ దాన్నీ హైదరాబాదు పిలిచి మూడొందల ప్రశ్నలతో దాని జ్ఞాపకాల కొలత చూసేవాళ్లు. ప్రశ్నలు నేనే రాసిచ్చాను. నేను చెబుతుంటే మీ నాన్న రాశాడు. జవాబులు హైమకి తెలియాలి, అంతే. మొదటి ఏడాది రైల్లో వెళుతూ నేనొక పని చేశాను.

"మూడో తరగతిలో మీ మాస్టారు పేరేంది?"

"గుర్తు లేదే."

"దయానందం మాస్టారు! రేపు అడిగితే టక్కున చెప్పు. బుల్లెమ్మత్త కోడికి నువ్వేం పేరు పెట్టావు?"

"అమ్మా, ఇది పరీక్ష గాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంట. కొలత."

"కొలతలో మాత్రం తక్కువ తూగటం ఎందుకంట? అక్కడికి వచ్చే ఆ వ్యవసాయ మంత్రి పెళ్లాం నా మొకాన నవ్విద్ది. చెప్పు, కోడి పేరు?"

"...డిప్యూటీ కలెక్టరు."

"ఆఁ. అట్టా చెప్పాలి."

చీరాల దాటేలోపే మొదలుపెట్టి సికింద్రాబాదు వచ్చేసరికి మూడొందలూ బట్టీ పట్టించాను. ఏటా అదే పని. పదమూడు మందిలో హైమకే మూడొందలకి మూడొందలు. "ఇంత గట్టి జ్ఞాపకాలు నేనెక్కడా చూడలేదమ్మా" అని పరాంకుశం గారు నాకు నమస్కారం పెడితే, పక్కన వ్యవసాయ మంత్రి భార్య ముఖం తిప్పుకుంది. నాకు ఆ పూట అన్నం కూడా అక్కర్లేకపోయింది. ఆ గర్వం ఎంత పని చేసిందో విను.

నీకు ఐదేళ్లప్పుడు సరిహద్దు అవతలి దేశంతో సముద్రం మీద గొడవ మొదలైంది. ఓడలు మునిగాయి. రెండు వైపులా బాంబులు బయటికి తీశారు. ప్రధానినీ జాబితాలో పన్నెండు మందినీ ఢిల్లీ పక్కన నేలమాళిగలో దాచారు. మీ అమ్మని మాత్రం, "చేనేత మంత్రి ఇక్కడేం చేస్తారు, మీ నియోజకవర్గంలో జనానికి ధైర్యం చెప్పండి" అని ఇంటికి పంపేశారు. అది వచ్చి చీరాలలో బియ్యం లారీలు ఎక్కడ ఆగిపోయాయో చూసుకుంటోంది.

ఆ రోజు బుధవారం. పొద్దున పదింటికి నేను వీధిలో పడుగు చాపి గంజి కుంచెతో దువ్వుతున్నాను. యుద్ధమొచ్చినా పెట్టిన గంజి ఆరకముందే దువ్వాలి కదా. హెలికాప్టరు ఇసక దిబ్బ మీద దిగింది. ఆ గాలికి పడుగు లేచి చిక్కుపడి తెగిపోయింది. అప్పటికి నా దుఃఖం అంతే. అందులోంచి హైమ తల బయటికి పెట్టి, "అమ్మా, రా. చెప్పులేసుకోవద్దు, టైము లేదు" అంది. గంజి చేతులతోనే ఎక్కాను.

నల్లమల వైపు ఒక కొండ కింద గదిలోకి తీసుకెళ్లారు. పరాంకుశం గారు అప్పటికే వచ్చి ఉన్నారు. జనరల్ శౌరిరెడ్డి గారని సైన్యంలో పెద్ద, మన గుంటూరు వైపు ఆయనే, నిలబడి సంగతి చెప్పాడు. మనిషి చెడ్డవాడు కాదు. మూడు రోజుల నుంచి నిద్ర లేదని కళ్లే చెబుతున్నాయి.

నేలమాళిగలో పదమూడు మందీ చనిపోయారు. వాళ్ల చేతులకి నాడి చూసే బ్యాండ్లుంటాయి, పదమూడూ ఆగిపోయాయి. చూడటానికి లోపలికెళ్లిన ఇద్దరు గార్డులు గుమ్మంలోనే పడిపోతే మళ్లీ తలుపు మూసేశారు. శత్రువు విషవాయువు వదిలాడని అందరి అనుమానం. దానికంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. పెద్దలందరి బ్యాండ్లూ ఆగితే, శత్రువే చంపాడనుకుని మన బాంబులు వాటంతటవే లేచేట్టు ఏర్పాటు చేసి పెట్టారు. ఆరు గంటల గడువు. మధ్యాహ్నం రెండింటికి అయిపోతుంది.

"ఆపటానికి లేదాండీ?" అంది హైమ.

"ఉంది మేడమ్. ఆపు మాట అని అరవై నాలుగు అక్షరాలు. కాగితం మీద ఎక్కడా రాయలేదు. ప్రధాని గారి తలలో మాత్రమే ఉంది."

"అంటే ఇప్పుడు యంత్రంలో ఉంది."

"అవును. యంత్రంలోంచి అది మనిషి తలలోకే వస్తుంది, కాగితం మీదికి రాదు. ఇప్పుడు ఆ మనిషి మీరే."

హైమ నా వైపు చూసింది. నా చేతులు చూసి, "గంజి ఆరిపోయింది, కడుక్కోమ్మా" అంది. నేను కడుక్కుని వచ్చేసరికి దానికి టోపీ పెట్టేశారు.

మొత్తం అయిదు విడతలు. ఆపు మాట మూడో విడత చివర్లో వస్తుంది. నాలుగూ అయిదూ విడతల్లో బాంబులు వేసే మాట, దానితోపాటు ప్రధాని పెద్దాయన చేసుకున్న తీర్మానాలు ఉంటాయి. మొదటి విడత అయ్యాక పరాంకుశం గారు సైగ చేశారు. నేను అడిగాను.

"మూడో తరగతిలో మీ మాస్టారు?"

"దయానందం మాస్టారు."

"బుల్లెమ్మత్త కోడి పేరు?"

"డిప్యూటీ కలెక్టరు."

"అద్భుతం. ఏమీ పోలేదు" అన్నారు డాక్టరు. రెండో విడత ఎక్కించారు. మళ్లీ ఇరవై ప్రశ్నలు. ఇరవైకి ఇరవై. నా కూతురని మళ్లీ గర్వపడ్డాను, సిగ్గు లేకుండా.

అప్పుడు దాని కుడిచేతి వైపు చూశాను. రెండు వేళ్లతో కుర్చీ చెయ్యి మీద టకటకా కొడుతోంది. ఆ అలవాటు హైమది కాదు. టీవీలో ప్రధాని మాట్లాడేటప్పుడు అలా కొట్టేవాడు. ఇంకొకటి కూడా ఉంది. ఎప్పుడు రైల్లో అడిగినా కోడి దగ్గర నవ్వేది. ఆ కోడి నిజంగానే డిప్యూటీ కలెక్టరులా నడిచేది మరి. ఇప్పుడు నవ్వలేదు.

జాబితాలో లేనిది అడిగాను. "నిన్ను మొదటిసారి మగ్గం గుంటలో కూర్చోబెట్టినప్పుడు మీ నాన్న నీ చేతిలో ఏం పెట్టాడు?"

హైమ ఆలోచించింది. తర్వాత చాలా మామూలుగా, "ఇది నాకు నేర్పలేదు గదా అమ్మా" అంది.

"మీ నాన్న మొకం ఎట్టుంటదో చెప్పు."

"సుబ్బరాయుడు. పంతొమ్మిదో తారీకున పోయాడు. కుడి బుగ్గన పుట్టుమచ్చ." మూడు జవాబులూ జాబితాలోవే. ఆ మూడింటి వెనక మనిషి లేడు. మీ తాత పోయాడు పావనీ, రెండోసారి పోయాడు. నేను బట్టీ పట్టించిన మూడు ముక్కలే మిగిలాయి.

డాక్టరు కాళ్ల మీద పడ్డంత పని చేశాను. "అయ్యా, నాదే తప్పు. ఏటా రైల్లో నేను కంఠతా పట్టించి తీసుకొచ్చేదాన్ని. మీ కొలత కొలతే కాదు."

ఆయన ముఖం తెల్లబోయింది. తిట్టలేదు. యంత్రం తెర మీద ఏవో చూసి నెమ్మదిగా చెప్పాడు. "మనిషి తలలో జ్ఞాపకాలు మనుషుల చుట్టూ అల్లుకుని ఉంటాయమ్మా. యంత్రం చోటు కోసం ఒక్కొక్క మనిషినే తీస్తుంది. మాస్టారు, పక్కింటివాళ్లు, స్నేహితులు, నాన్నగారు, అయిపోయారు. ఆపు మాట రావాలంటే ఇంకా చోటు కావాలి. దాని లెక్కలో తర్వాత భర్త, ఆ తర్వాత పాప."

"పావనా?"

"అవును. వాళ్లిద్దరూ కలిస్తే సరిపోతుంది. లేదా..." ఆగిపోయాడు.

"చెప్పండి."

"లేదా మీరొక్కరు. ఆమె తలలో మీదే పెద్ద చోటు."

గడియారం పన్నెండూ యాభై. శౌరిరెడ్డి గారు గోడవైపు తిరిగాడు. నేను హైమ ముందుకెళ్లి నిలబడ్డాను. అప్పటికి దానిలో నా హైమ ఇంకా సగానికి పైన ఉంది.

"విన్నావా?"

"విన్నాను. వద్దమ్మా. ఇంకేదన్నా చూడమను."

"ఇంకేం లేదంట. పావనికి ఐదేళ్లు. నువ్వు దాని మొకం చూసి ఎవరీ పిల్లంటే అది బతికినన్నాళ్లూ ఏడిసిద్ది. నేనైతే తట్టుకుంటా. అరవై ఏడేళ్లదాన్ని, నాకింకా ఎవరన్నా గుర్తుపెట్టుకోవాలా?"

"రేపు నాకేదన్నా తెలియకపోతే ఎవరిని అడగాలే?"

"అడగబాక. నువ్వే చూసుకో." ఆ మాట కాస్త గట్టిగానే అన్నాను. తర్వాత డాక్టర్ని అడిగాను, "నన్ను తీసేస్తే మగ్గం పని కూడా పోయిద్దా అయ్యా?"

"పోదమ్మా. చేతిపని వేరేచోట ఉంటుంది. నేర్పిన మనిషి పోతుంది, నేర్చుకున్న పని ఉంటుంది."

"అయితే నన్నే తియ్యండి."

హైమ నా చెయ్యి పట్టుకుంది. ఇంకా గంజి వాసన వస్తోందంది. ఒక్క క్షణం నవ్వింది కూడా. యంత్రం మోగింది. పావుగంట పట్టింది. నా చేతిలో దాని చెయ్యి అలాగే ఉంది, కానీ ఎక్కడో మధ్యలో పట్టు వదిలింది. ఏ నిమిషాన వదిలిందో ఇప్పటికీ చెప్పగలను. ఒంటిగంటా నాలుగు.

కళ్లు తెరిచింది. తన చెయ్యి నా చేతిలో ఎందుకుందో చూసుకుని మర్యాదగా వెనక్కి తీసుకుంది. "ఈ పెద్దావిడ ఎవరండీ? ఏడుస్తున్నారు. కాసిని మంచినీళ్లియ్యండి" అంది.

"ఆపు మాట వచ్చిందా మేడమ్?" అన్నాడు శౌరిరెడ్డి.

"వచ్చింది."

"నాలుగో విడత మొదలుపెట్టండి డాక్టర్. ఆపాలో వెయ్యాలో తేల్చుకోవాలంటే ప్రధాని గారి నిర్ణయశక్తి కూడా ఆమెకి కావాలి. ఉత్త ఆపు మాటతో ఏం చేస్తారు?"

నేను లేచి నిలబడి "చాలు" అన్నాను.

"అమ్మా, మీరు బాధలో..."

"బాధలోనే ఉన్నా. గుర్తు మనిషిని నేను. చట్టంలో ఉంది. ఆ పెద్దాయన తల కిందటి సోమవారం చుట్టింది. అప్పటికే ఓడలు మునిగి ఆయన కోపంలో ఉన్నాడు. ఈ పొద్దున ఏం జరిగిందో ఆ తలకి తెలుసా? దానికి తెలిసిందల్లా శత్రువు మీద కోపమే. అది ఎక్కిస్తే ఇది ఇంకేం ఆలోచిస్తది? కొట్టెయ్యమంటది. చాలు, టోపీ తియ్యండి."

పరాంకుశం గారు నన్ను చూశారు, జనరల్ని చూశారు. టోపీ తీసేశారు. తర్వాత నాకు తెలిసింది, ఆయన చెయ్యి పెట్టి ఆపిన మొదటి ఎక్కింపు అదేనట.

ఇక హైమ. ప్రధాని వేళ్ల అలవాటు ఇంకా పోలేదు, బల్ల మీద టకటకా కొడుతూ, "పదమూడు బ్యాండ్లు ఆగాయన్నారు. ఎన్నింటికి?" అంది.

"ఎనిమిదింటికి మేడమ్."

"పదమూడూ ఒక్కసారేనా?"

శౌరిరెడ్డి తల అడ్డంగా ఊపాడు. "చివరిది ఎనిమిదింటికి. స్నానానికి వెళ్తూ కొందరు తీసేస్తుంటారు కాబట్టి ఒకటీ అరా ఆగితే పట్టించుకోరు. అన్నీ ఆగాకే గంట మోగుతుంది."

"విడివిడిగా తెప్పించండి. ఎవరు ఏ కుర్చీలో ఉన్నారో అదీ కావాలి. గది బొమ్మ ఇవ్వండి."

"దానికి ఇప్పుడు టైము..."

"పడుగులో పోగులు తెగితే ఏం చేస్తారండీ? అన్నీ ఒకే గీతలో ఒక్కసారే తెగితే కత్తో ఎలకో, బయటిది. ఒక పక్క నించి మొదలై ఒకదాని తర్వాత ఒకటి తెగుతా వస్తే మన గంజిలోనో మగ్గంలోనో లోపం. ముందు ఏ చోట తెగిందో చూడాలి. ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి."

"ఎవరు చెప్పారు మేడమ్ మీకిది?"

హైమ ఆగింది. గుర్తుకు రావాల్సినదేదో రానట్టు ముఖం పెట్టింది. "ఎవరో అనేవాళ్లు. మా ఊళ్లో నేసేవాళ్లందరికీ తెలిసిందే."

నేను మూలన స్టూలు మీద కూర్చున్నాను. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను.

కాగితాలు ఒంటిగంటా ఇరవై ఏడుకి వచ్చాయి. మొదటి బ్యాండు ఆగింది ఏడూ నలభై ఒకటికి, చివరిది ఎనిమిదింటికి. మధ్యలో పంతొమ్మిది నిమిషాలు. హైమ గది బొమ్మ మీద పెన్నుతో ఒకటి, రెండు, మూడు అని వేసుకుంటూ పోయింది. దక్షిణం మూల నించి మొదలై ఉత్తరం గోడ దాకా వరసగా వచ్చాయి.

"గాలి ఎటు నించి వస్తది ఈ గదిలోకి?"

"కప్పంతా రంధ్రాలే మేడమ్. అన్ని వైపులా ఒకేసారి వస్తుంది."

"శత్రువు గాలిలో కలిపితే అందరూ ఒకేసారి పడాలి గదా. మరి ఈ మూలన ఏముంది?"

జనరల్ బొమ్మ మీదికి వంగి చూశాడు. "మంటలార్పే గ్యాసు పైపు. పోయిన నెలలో కొత్తగా వేయించాం. అది కారితే మనిషికి ఊపిరాడదు." ఆయన కుర్చీలో కూర్చున్నాడు. వేయించిన వాళ్లలో ఆయనా ఒకడేమో, నేను అడగలేదు.

ఒంటిగంటా నలభై రెండుకి హైమ ఆపు మాట చెప్పింది. అరవై నాలుగు అక్షరాలు, అర్థం పర్థం లేనివి, ఒక్కటీ తడబడకుండా. తెర మీద ఎర్రదీపం పచ్చబడింది. ఆ తర్వాత అవతలి దేశానికి ఫోను కలపమంది. వాళ్లూ మీట మీద వేలు పెట్టుకునే ఉన్నారట.

"మీరెవరు?" అన్నారు అవతల. "మా దగ్గరున్న పేర్లలో మీది లేదు."

"మా దగ్గర కూడా చివర్న ఉందండీ. చేనేత మంత్రిని. మావాళ్లు మా తప్పు వల్లే చనిపోయారు, మీవల్ల కాదు. మా బాంబులు ఆపేశాను. మీరు కూడా ఆపుతారా?"

మామూలు ప్రధాని ఎవరూ అంత నిజం ఫోనులో చెప్పరని అవతలివాళ్లకి తెలుసు. అందుకేనేమో నమ్మారు. సాయంత్రం నాలుగింటికి వాళ్లూ ఆపేశారు. అంతే. బడి పుస్తకంలో ఉన్నది ఇదే.

పదకొండు రోజుల తర్వాత కొత్త ప్రధానిని ఎన్నుకున్నారు, హైమ ఇంటికొచ్చింది. యంత్రానికి పరాంకుశం గారే తాళం వేయించారు. ఇప్పుడు జాబితాలో ఉన్న ప్రతివాళ్లూ ఏడాదికి రెండు నెలలు ప్రధాని పక్కన కూర్చుని పని నేర్చుకోవాలి. కొత్తవాళ్లు వచ్చాక కూడా పాతవాళ్లు కొన్నాళ్లు ఉండాలి. మీ అమ్మే ఆ చట్టం రాయించింది. జానెడు పాత పడుగు మిగల్చాలని దాని చేతికి తెలుసు, ఎవరు చెప్పారో తెలియదు.

హెలికాప్టరు దిగి నిన్ను ఎత్తుకుని ముద్దులాడింది. మీ నాన్నని చూసి ఏడ్చింది. నాకు నమస్కారం పెట్టి, "మీరు ఆరోజు గదిలో ఉన్నారు గదండీ" అంది. మీ నాన్న చెప్పబోతే నేనే ఆపి, తర్వాత కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాను. నమ్మింది. ఎంతైనా కాగితాలున్నాయి, ఫొటోలున్నాయి. ఆ ఆదివారం నించి ఇన్నేళ్లూ ప్రతి ఆదివారం వస్తుంది, పండ్లు తెస్తుంది, నా ఎదురుగా కూర్చుని "ఇంకొకటి చెప్పండి" అంటుంది. నేను చెబుతాను. వింటుంది. మళ్లీ వారం అడిగితే పొల్లు పోకుండా అప్పజెబుతుంది. మూడొందలు కాదు, ఇప్పటికి మూడు వేలు వచ్చుంటాయి దానికి. కోడి దగ్గర నవ్వుతుంది కూడా. నేను నవ్వుతాను కాబట్టి నవ్వుతుందో, నిజంగా నవ్వొచ్చిందో నాకు తెలియదు. నేనూ తవ్వి చూడను.

అన్నీ చెప్పాను గానీ ఒక్కటి చెప్పలేదు. గుంటలో కూర్చోబెట్టిన రోజు మీ తాత దాని చేతిలో ఏం పెట్టాడన్నది. నేర్పితే బట్టీ అవుతుంది, దానంతటదే వస్తే జ్ఞాపకం అవుతుందని ఆశ. పదిహేడేళ్లు చూశాను పావనీ, ప్రతి ఆదివారం దాని మొకం చూశాను. రాలేదు. ఇక రాదని డాక్టరు గారు ఎప్పుడో చెప్పారు, నేనే వినలేదు.

నేను ఉప్పు డబ్బా మరిచిపోయినట్టు రేపు దీన్ని మరిచిపోతే ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. అందుకని నీకు చెబుతున్నాను, విను. పదేళ్ల పిల్ల, కాళ్లు గుంటలో అందటం లేదు, కింద ఇటిక పెట్టాం. మీ తాత పడుగులోంచి ఒక పోగు కావాలనే తెంపి, ఆ రెండు కొసలూ దాని చేతిలో పెట్టాడు. అది గబగబా ముడెయ్యబోతే చేతి మీద చిన్నగా తట్టి అన్నాడు: "ఆగవే. ముందు యాడ తెగిందో చూడు. తర్వాత అతుకు."

అంతే. ఆ రోజు కొండ కింద అది జనరల్‌తో అన్నది ఆ మాటే. ఎవరో అనేవాళ్లు అంది చూడూ, ఆ ఎవరో దాని నాన్న.

ఎల్లుండి ఆదివారం. అది వచ్చినప్పుడు ఈసారి నేను కాదు, నువ్వు చెప్పు. ఒకసారి చెప్పి ఊరుకోవద్దు. నేను పోయాక కూడా ప్రతి ఆదివారం కూర్చోబెట్టుకుని చెప్పు. అడగకపోయినా చెప్పు. రేపు నీకు పిల్లలు పుడితే వాళ్లకీ చెప్పు. ఇప్పుడు నువ్వొకసారి నాకు అప్పజెప్పు చూద్దాం. వద్దులే, అప్పజెప్పొద్దు. నీ మాటల్లో చెప్పు.